జెంటూ: ఒక లాటిన్ మాట, మన ఇంటిపేరు

పక్కవాళ్ళు పెట్టిన పేర్లు మనకు కొత్త కాదు. మధుర, కోయంబత్తూరు సీమల్లో తమిళులు మనల్ని వడుగర్ అంటారు. వడక్కు, అంటే ఉత్తరం నుంచి వచ్చినవాళ్ళని అర్థం. సంగం నాటి పాటల్లోనే ఈ మాట ఉంది. కన్నడంలో ఇదే బడగ; నీలగిరి బడగుల పేరూ ఇదే. 1544లో పాదిరి ఫ్రాన్సిస్ జేవియర్ ముత్యాల తీరం నుంచి రాసిన ఉత్తరాల్లో విజయనగరపు దండును బడగలనే అన్నాడు.

ఇంతకన్న విచిత్రమైన పేరు మరొకటి మనకు సముద్రం దాటి వచ్చింది. చెన్నపట్నపు ఇంగ్లీషు దొరలు తమిళాన్ని మలబారు అనేవారు, తెలుగును జెంటూ అనేవారు. ఈ జెంటూ ఎక్కడిది?

దీని మూలం లాటిన్‌లో గెన్స్ అనే మాట. ఒకే మూలపురుషుడి నుంచి పుట్టామని చెప్పుకునే వంశం అని అర్థం. ధాతువు గెన్, అంటే పుట్టించడం. సంస్కృతంలోని జన్ ధాతువుకు ఇది తోబుట్టువు. జన్మ, జనం, జాతి అని మనం రోజూ అనే మాటలు ఈ కుదురువే. కర్తగా ఉన్నప్పుడు గెన్స్, షష్ఠీ విభక్తిలో గెంటిస్. ఇల్లు అనేది విభక్తి చేరేటప్పుడు ఇంటి అయినట్లే ఇక్కడా రూపం మారుతుంది. ఈ పోలిక చుట్టరికం కాదు, గుర్తు పెట్టుకోవడానికి మాత్రమే. దీనికి ఇలిస్ చేర్చితే గెంటిలిస్. ఈ విశేషణానికి ఆడ మగ తేడా లేదు. నపుంసకానికి మాత్రం గెంటిలె అని వేరే రూపం.

గెంటిలిస్ అంటే మొదట ఒకే వంశనామం గలవాడు. గాయస్ జూలియస్ సీజర్‌లో గాయస్ పిలిచే పేరు, జూలియస్ గెన్స్ పేరు, సీజర్ శాఖ పేరు. మనం ఇంటిపేరు ముందు పెడతాం, రోమనులు నడుమ పెట్టారు. అంతే తేడా.

తర్వాత అర్థం తిరగబడింది. లాటిన్ బైబిలులో యూదులు కాని జాతులను గెంటెస్ అన్నారు. క్రైస్తవం వ్యాపించాక గెంటిలిస్ అంటే అన్యమతస్థుడైపోయాడు. అయినవాడు కాస్తా పరాయివాడయ్యాడు! 1498 తర్వాత మన దేశానికి వచ్చిన పోర్చుగీసువారు ముస్లింలను మౌరో అనీ, హిందువులను జెంతియు అనీ పిలిచారు. ఇంగ్లీషువారి నోట అది జెంటూ అయింది. వంగదేశంలో ఆ మాటకు హిందువు అనే అర్థం నిలిచింది. 1776లో హాల్‌హెడ్ అచ్చువేసిన జెంటూ ధర్మశాస్త్రం హిందూ ధర్మశాస్త్రమే. చెన్నపట్నంలో మాత్రం అది తెలుగువాడికి, తెలుగుకు అంటుకుంది.

1816లో చెన్నపట్నంలో కాంబెల్ దొర వేసిన తెలుగు వ్యాకరణం ముఖపత్రం మీద కూడా తెలుగుకు వాడుక పేరు జెంటూ అని ఉంది. అదే పుస్తకంలో ఎల్లిస్ దొర వ్యాసం ఒకటి ఉంది. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, తమిళ కన్నడాలతో ఒక కుటుంబమనీ చూపింది ఆ వ్యాసమే. పరాయి పేరు తగిలించిన పుస్తకంలోనే మన అసలు చుట్టాలెవరో తేలింది. మధురలో వడుగులూ తమిళులూ తరాలుగా ఇరుగుపొరుగున బతకడం వెనుక అంతకన్న పాత తోబుట్టువు తనం ఉందన్నమాట.

జెంటూ మాట ఈనాడు తెలుగుకు వాడుకలో లేదు. పోతే పోయింది. కాని దాని తొలి అర్థమైన ఇంటిపేరు సంగతేమిటి? తెలుగు చదవడం రాయడం రాని మన ఇళ్ళలో కూడా ఇంటిపేరు నిలిచింది. సంబంధం చూసేటప్పుడు పెద్దలు మొదట అడిగేది అదే. ఇంటిపేరు ఒకటైతే అన్నదమ్ములే, పెళ్ళి మాట లేదు. బడి పట్టీలో మాత్రం మన పిల్లల పేరు ముందు తండ్రి పేరులోని ఒక్క అక్షరమే ఉంటోంది. రెండు తరాలు గడిస్తే ఆ ఇంటిపేరు చెప్పగలవాళ్ళు ఉండరు.

దొరలు పెట్టిన పేరు మనం అడగలేదు. తాతలు ఇచ్చిన పేరైనా అడిగి తెలుసుకుందాం. ఈ రాత్రి ఇంట్లో ముసలివాళ్ళ దగ్గర కూర్చుని, ఇంటిపేరూ అది ఏ ఊరి నుంచి వచ్చిందో అడిగి, తెలుగు అక్షరాల్లో ఒక్క ముక్క రాసిపెట్టండి.