హైదరాబాదు పబ్లిక్ స్కూలు పూర్వ విద్యార్థులు

హైదరాబాదు నగరంలోని బేగంపేటలో ఉన్న హైదరాబాదు పబ్లిక్ స్కూలు 1923లో జాగీర్దారుల కుమారుల కొరకు "జాగీర్దార్స్ కాలేజీ" అనే పేరుతో ప్రారంభమైనది. జాగీర్దారీ వ్యవస్థ రద్దయిన తరువాత, 1950ల ఆరంభంలో, ఇది ఇతరులకు కూడా ప్రవేశం కల్పించే పాఠశాలగా మారి ప్రస్తుత నామాన్ని పొందింది. ఇక్కడ చదివినవారు తరువాతి కాలంలో వాణిజ్యం, సమాచార సాంకేతికత, రాజకీయాలు, క్రీడా వ్యాఖ్యానం, సినిమా మొదలైన రంగాలలో ప్రసిద్ధులయ్యారు. మైక్రోసాఫ్ట్, అడోబీ, మాస్టర్‌కార్డ్, ప్రాక్టర్ అండ్ గాంబుల్ సంస్థలకు ముఖ్య కార్యనిర్వహణాధికారులు (సీఈఓలు) గానూ, ప్రపంచబ్యాంకుకు అధ్యక్షుడుగానూ, ఆంధ్రప్రదేశ్‌కు ముఖ్యమంత్రులుగానూ పనిచేసినవారు వీరిలో ఉన్నారు. ఈ వ్యాసం ఆ పూర్వ విద్యార్థులలో కొందరి చదువును, వృత్తి జీవితాన్ని, వారి కుటుంబ నేపథ్యాన్ని వివరిస్తుంది.

పాఠశాల నేపథ్యం

నిజాం పాలనలో ఉన్న హైదరాబాదు సంస్థానంలో అనేక గ్రామాలు జాగీర్దారుల అధీనంలో ఉండేవి. సంస్థానానికి చేసిన సేవకు ప్రతిఫలంగా గ్రామాల శిస్తును అనుభవించే హక్కును జాగీరు అనేవారు. ఆ కుటుంబాల కుమారులకు ఆంగ్ల విద్యను, క్రమశిక్షణను, పరిపాలనకు కావలసిన శిక్షణను ఇవ్వడం కొరకు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఈ కళాశాలను నెలకొల్పారు. ఇంగ్లాండులోని ఈటన్ పాఠశాల దీనికి నమూనా. వంద ఎకరాలకు పైబడిన ఆవరణ, విశాలమైన క్రీడా మైదానాలు, ఇండో-సారసెనిక్ శైలిలో నిర్మించిన ప్రధాన భవనం ఆ కాలపు ఆలోచనను నేటికీ తెలియజేస్తాయి.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు శాసనం వచ్చింది. దానితో ఈ కళాశాల ఏ వర్గం కొరకు ఏర్పడినదో ఆ వర్గానికి ఉన్న ప్రత్యేక హోదాయే లేకుండా పోయింది. సంస్థ మూతపడకుండా, పేరు మార్చుకొని, ప్రవేశ నియమాలను సడలించుకొని కొనసాగింది. అప్పటినుండి ప్రభుత్వ ఉన్నతాధికారులు, సైనికాధికారులు, ఆచార్యులు, వ్యాపారులు, రాజకీయ నాయకుల పిల్లలు ఇక్కడ చేరసాగారు. ఈ వ్యాసంలో పేర్కొన్నవారందరూ ఈ రెండవ దశకు చెందినవారే.

చదువుతో పాటు ఆటలకు, వక్తృత్వానికి ప్రాధాన్యమివ్వడం ఈ పాఠశాల సంప్రదాయం. విద్యార్థులను కొన్ని "హౌస్"లుగా విభజించి, వాటి మధ్య పోటీలు నిర్వహిస్తారు. ఈ హౌస్‌లకు నలంద, తక్షశిల వంటి ప్రాచీన విద్యాకేంద్రాల పేర్లు పెట్టారు.

వాణిజ్య, సాంకేతిక రంగాలు

సత్య నాదెళ్ళ

సత్య నాదెళ్ళ 1967 ఆగస్టు 19న హైదరాబాదులో జన్మించాడు. తండ్రి బి.ఎన్.యుగంధర్ ఐఏఎస్ అధికారి. తల్లి ప్రభావతి సంస్కృత పండితురాలు. వీరి పూర్వీకుల గ్రామం అనంతపురం జిల్లాలోని బుక్కాపురం. తండ్రి బదిలీల కారణంగా బాల్యం పలు ఊళ్ళలో గడిచింది. హైదరాబాదు పబ్లిక్ స్కూలులో చేరిన తరువాతనే చదువు ఒకచోట స్థిరపడింది.

ఈయన 2017లో ప్రచురించిన "హిట్ రిఫ్రెష్" అనే ఆంగ్ల గ్రంథంలో తన పాఠశాల రోజులను గూర్చి వ్రాశాడు. ఆ రోజులలో హైదరాబాదు జట్టుకు క్రికెట్ ఆడటం, బ్యాంకులో ఉద్యోగం చేయడం ఈయన కలలు. పాఠశాల జట్టులో ఆఫ్ స్పిన్ బౌలరు. ఒక మ్యాచ్‌లో తన బౌలింగ్ బాగా లేనప్పుడు కెప్టెన్ స్వయంగా బౌలింగ్ చేసి వికెట్టు తీసి, తరువాత బంతిని తిరిగి తనకే ఇచ్చాడనీ, జట్టులో ఒకరి ఆత్మవిశ్వాసాన్ని ఎలా నిలపాలో ఆ సంఘటన తనకు నేర్పిందనీ ఈయన పేర్కొన్నాడు. ఐఐటీ ప్రవేశ పరీక్షలో తాను ఉత్తీర్ణుడు కాలేదని కూడా అదే గ్రంథంలో చెప్పుకున్నాడు.

తరువాత మణిపాల్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా (1988), అమెరికాలోని విస్కాన్సిన్-మిల్వాకీ విశ్వవిద్యాలయం నుండి కంప్యూటర్ శాస్త్రంలో ఎం.ఎస్. (1990) పొందాడు. సన్ మైక్రోసిస్టమ్స్‌లో కొంతకాలం పనిచేసి 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరాడు. 2014 ఫిబ్రవరి 4న ఆ సంస్థకు సీఈఓ అయ్యాడు. బిల్ గేట్స్, స్టీవ్ బామర్‌ల తరువాత ఈ పదవిని చేపట్టిన మూడవ వ్యక్తి ఈయన. 2021లో ఛైర్మన్ బాధ్యతలు కూడా స్వీకరించాడు. 2022లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ప్రకటించింది.

శంతను నారాయణ్

1963లో జన్మించిన శంతను నారాయణ్ తల్లి అమెరికన్ సాహిత్యం బోధించిన ఉపాధ్యాయురాలు. తండ్రి ప్లాస్టిక్ పరిశ్రమను నడిపాడు. పాఠశాల విద్య తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ చదివాడు. తెరచాప పడవల పోటీలలో ఆసియా స్థాయిలో భారతదేశానికి ప్రాతినిధ్యం వహించాడు. అమెరికాలో ఉన్నత విద్య పూర్తిచేసి యాపిల్, సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థలలో పనిచేశాడు. 1998లో అడోబీలో చేరి 2007 డిసెంబరులో సీఈఓ అయ్యాడు. పెట్టెలలో అమ్మే సాఫ్టువేరును నెలవారీ, వార్షిక చందా పద్ధతికి మార్చడం ఈయన హయాంలో అడోబీ చేసిన ప్రధానమైన మార్పు. 2019లో పద్మశ్రీ లభించింది.

అజయ్ బంగా

అజయ్ బంగా 1959లో పుణె సమీపంలోని ఖడ్కీలో జన్మించాడు. తండ్రి సైన్యంలో లెఫ్టినెంట్ జనరల్ స్థాయికి ఎదిగిన అధికారి. సిమ్లాలోను, తరువాత హైదరాబాదు పబ్లిక్ స్కూలులోను చదివాడు. ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో ఆర్థికశాస్త్రం, అహ్మదాబాదు ఐఐఎంలో మేనేజిమెంటు అభ్యసించాడు. 1981లో నెస్లేలో వృత్తి జీవితం ప్రారంభించి, పెప్సికో, సిటీ గ్రూపులలో పనిచేసి, 2010 నుండి 2020 చివరి వరకు మాస్టర్‌కార్డ్ సీఈఓగా ఉన్నాడు. 2016లో పద్మశ్రీ పొందాడు. 2023 జూన్ 2న ప్రపంచబ్యాంకు అధ్యక్షుడుగా పదవి చేపట్టాడు. భారతదేశంలో జన్మించిన ఒక వ్యక్తి ఈ పదవిని పొందడం ఇదే ప్రథమం.

శైలేష్ జెజూరికర్

ఈయన హైదరాబాదు పబ్లిక్ స్కూలు తరువాత ముంబై విశ్వవిద్యాలయంలోను, లక్నో ఐఐఎంలోను చదివాడు. 1989లో ప్రాక్టర్ అండ్ గాంబుల్ సంస్థలో చేరాడు. సబ్బులు, డిటర్జెంట్లు మొదలైన గృహావసర వస్తువులు తయారుచేసే ఈ అమెరికన్ సంస్థలోనే అంచెలంచెలుగా ఎదిగి, 2021లో ముఖ్య నిర్వహణాధికారి (సీఓఓ) అయ్యాడు. 2026 జనవరి 1 నుండి సీఈఓ బాధ్యతలు చేపట్టాడు. పై ముగ్గురూ పలు సంస్థలు మారగా, ఈయన మాత్రం మూడున్నర దశాబ్దాలకు పైగా ఒకే సంస్థలో కొనసాగాడు.

ప్రేమ్ వత్స

1950లో హైదరాబాదులో జన్మించిన ప్రేమ్ వత్స మద్రాసు ఐఐటీలో కెమికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి (1971) కెనడా వెళ్ళాడు. అక్కడ ఎం.బి.ఏ. చదివి, పెట్టుబడుల రంగంలో ప్రవేశించాడు. 1985లో టొరంటోలో ఫెయిర్‌ఫాక్స్ ఫైనాన్షియల్ హోల్డింగ్స్‌ను స్థాపించి బీమా, పెట్టుబడుల రంగాలలో పెద్ద సంస్థగా తీర్చిదిద్దాడు. 2020లో పద్మశ్రీ పొందాడు.

రాజకీయాలు

రాజకీయాలలో ఈ పాఠశాల పూర్వ విద్యార్థులు పరస్పర విరుద్ధమైన పక్షాలలో కనిపిస్తారు.

నల్లారి కిరణ్ కుమార్ రెడ్డి 2010 నవంబరు 25న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యాడు. రాష్ట్ర విభజనను వ్యతిరేకిస్తూ 2014 ఫిబ్రవరిలో రాజీనామా చేశాడు. ఉమ్మడి రాష్ట్రానికి చివరి ముఖ్యమంత్రి ఈయనే. తండ్రి అమరనాథ రెడ్డి కూడా రాష్ట్ర మంత్రిగా పనిచేశాడు.

వై.ఎస్.జగన్మోహన్ రెడ్డి, మాజీ ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖర రెడ్డి కుమారుడు. 2009లో కడప నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 2014 నుండి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ప్రతిపక్ష నాయకుడుగా, 2019 మే 30 నుండి 2024 జూన్ వరకు ముఖ్యమంత్రిగా ఉన్నాడు.

అసదుద్దీన్ ఒవైసీ ఈ పాఠశాల తరువాత నిజాం కళాశాలలోను, లండన్‌లో న్యాయశాస్త్రమును చదివాడు. 1994లో చార్మినార్ నుండి శాసనసభకు ఎన్నికయ్యాడు. 2004 నుండి 2024 వరకు జరిగిన ఐదు సార్వత్రిక ఎన్నికలలోనూ హైదరాబాదు లోక్‌సభ స్థానంలో విజయం సాధించాడు. అంతకుముందు ఆ స్థానానికి ఈయన తండ్రి సుల్తాన్ సలావుద్దీన్ ఒవైసీ ప్రాతినిధ్యం వహించాడు.

క్రీడా వ్యాఖ్యానం, సినిమా

హర్షా భోగ్లే 1961లో హైదరాబాదులో జన్మించాడు. తండ్రి ఫ్రెంచి భాషాచార్యుడు, తల్లి మనస్తత్వశాస్త్రాచార్యురాలు. ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగ్, అహ్మదాబాదు ఐఐఎంలో మేనేజిమెంటు చదివినప్పటికీ ఈయన ఎంచుకున్నది క్రికెట్ వ్యాఖ్యానాన్ని. 19వ ఏటనే ఆకాశవాణికి వ్యాఖ్యానం చెప్పడం ప్రారంభించాడు. 1991-92లో భారత జట్టు ఆస్ట్రేలియా పర్యటించినప్పుడు ఆస్ట్రేలియా ప్రసార సంస్థ ఏబీసీ ఈయనను ఆహ్వానించింది. భారత జట్టుకు ఆడిన క్రీడాకారులే వ్యాఖ్యాతలుగా వస్తున్న కాలంలో, అంతర్జాతీయ క్రికెట్ ఆడకుండానే ఈ రంగంలో నిలదొక్కుకోవడం ఈయన ప్రత్యేకత. హైదరాబాదుకే చెందిన మహమ్మద్ అజారుద్దీన్ జీవిత చరిత్రను కూడా వ్రాశాడు.

తెలుగు సినీ నటులలో అక్కినేని నాగార్జున ("విక్రమ్", 1986), రామ్ చరణ్ ("చిరుత", 2007), దగ్గుబాటి రానా ("లీడర్", 2010) ఈ పాఠశాలలో చదివినవారే. కుండలీకరణాలలో ఇచ్చినవి వారు కథానాయకులుగా పరిచయమైన చిత్రాలు. ముగ్గురూ సినీ కుటుంబాలకు చెందినవారు.

ఉన్నత విద్యలో వైవిధ్యం

ఈ పూర్వ విద్యార్థుల జీవితాలను పరిశీలిస్తే వారి విజయానికి ఒకే కళాశాల గానీ, ఒకే కోర్సు గానీ కారణమని చెప్పడానికి వీలు లేదు. పైన పేర్కొన్న ఐదుగురు వ్యాపార ప్రముఖులలో ఐఐటీలో చదివినది ప్రేమ్ వత్స ఒక్కడే. నాదెళ్ళ మణిపాల్‌లోను, నారాయణ్ ఉస్మానియాలోను చదివారు. బంగా ఇంజనీరింగ్ చదవనే లేదు. భోగ్లే చదివిన ఇంజనీరింగుకు, చేపట్టిన వృత్తికి సంబంధం లేదు. పదవ తరగతి నుండే ఒకే ప్రవేశ పరీక్షను జీవిత లక్ష్యంగా భావించే విద్యార్థులు గమనించదగిన విషయమిది. ఉన్నత పదవులు కూడా వీరికి సుదీర్ఘమైన సేవ తరువాతనే లభించాయి. నాదెళ్ళ మైక్రోసాఫ్ట్‌లో చేరిన 22 సంవత్సరాలకు, బంగా ఉద్యోగంలో చేరిన 29 సంవత్సరాలకు, జెజూరికర్ 36 సంవత్సరాలకు పైగా పనిచేసిన పిదప సీఈఓ స్థానానికి చేరుకున్నారు.

కుటుంబ నేపథ్యం - ప్రవేశాలు

ఇంతమంది ప్రముఖులు ఒకే పాఠశాల నుండి రావడంలో పాఠశాల పాత్ర ఎంత, కుటుంబాల పాత్ర ఎంత అనే ప్రశ్న సహజంగానే ఉదయిస్తుంది. జాగీర్లు రద్దయిన తరువాత ఇక్కడ చేరినవారికి వారసత్వంగా భూమి హక్కులు లేకపోయినా, చదువు, హోదా, పలుకుబడి గల ఇళ్ళు ఉన్నాయి. తల్లిదండ్రులలో ఐఏఎస్ అధికారి, సైనికాధికారి, ఆచార్యులు, ముఖ్యమంత్రి, పార్లమెంటు సభ్యుడు, నటులు కనిపిస్తారు. రాజకీయ, సినీ రంగాలలో ప్రసిద్ధులైనవారు తమ తండ్రుల లేదా బంధువుల రంగంలోనే అడుగుపెట్టారు. వ్యాపార రంగంలోనివారు మాత్రం తమ కుటుంబాలకు సంబంధం లేని సంస్థలలో క్రింది స్థాయి నుండి ఎదిగారు, లేదా ప్రేమ్ వత్స వలె కొత్త సంస్థను స్థాపించారు. కాబట్టి అందరినీ ఒకే గాటన కట్టడం సరికాదు. మొదట బాలుర కొరకే ఏర్పడిన సంస్థ కావడం వలన, ప్రముఖుల జాబితాలో పురుషులే అధికంగా ఉన్నారు.

ఈ పరిస్థితిలో మార్పు కొరకు చేసిన ఒక ప్రయత్నం ప్రభుత్వ ప్రాయోజిత ప్రవేశాలు. షెడ్యూల్డు కులాల, షెడ్యూల్డు తెగల బాలబాలికలకు ఒకటవ తరగతిలో కొన్ని సీట్లు కేటాయించి, జిల్లాలలో లాటరీ పద్ధతి ద్వారా ఎంపిక చేసి, సంక్షేమ శాఖల ద్వారా ఫీజు చెల్లించే పథకం ఉన్నది. దీనివలన గిరిజన గూడేల నుండి, గ్రామాల నుండి వచ్చిన ఐదారేళ్ళ పిల్లలు వసతి గృహంలో ఉంటూ ఉన్నతాధికారుల, వ్యాపారుల పిల్లలతో కలిసి చదువుతున్నారు. ఒకప్పుడు జాగీర్దారు కుమారునికి తప్ప ప్రవేశం లేని ఆవరణలో, ఏ జాగీరులో తమ పూర్వులు శిస్తు కట్టారో తెలియని పిల్లలు నేడు చదువుకుంటున్నారు. ఇంటి భాషకు, బడి భాషకు ఉన్న దూరాన్ని దాటడం, చిన్న వయస్సులోనే తల్లిదండ్రులకు దూరంగా ఉండడం ఈ పిల్లల ముందున్న అదనపు పరీక్షలు. ప్రముఖుల జాబితాలకు ఎక్కకపోయినా, వీరిలో ఒక్కొక్కరు ఏ చదువు చదివి ఏ వృత్తిలో స్థిరపడితే, ఆ ఇంట్లో తరువాతి తరం అక్కడినుండి మొదలవుతుంది.

శతాబ్ది ఉత్సవాలు

2023లో పాఠశాల నూరు సంవత్సరాలు పూర్తిచేసుకున్నది. ఆ సందర్భంగా 2023 డిసెంబరు 19న జరిగిన శతాబ్ది ఉత్సవాలలో భారత రాష్ట్రపతి ద్రౌపది ముర్ము పాల్గొన్నారు. ఒడిశాలోని సంతాల్ గిరిజన కుటుంబంలో జన్మించి, ఉపాధ్యాయురాలుగా కూడా పనిచేసిన ఆమె ఆ వేదికపై విద్యార్థులనుద్దేశించి ప్రసంగించారు.

ఇవి కూడా చూడండి

* బేగంపేట
* జాగీర్దారీ వ్యవస్థ
* నిజాం కళాశాల
* ఉస్మానియా విశ్వవిద్యాలయం
* సత్య నాదెళ్ళ
* హర్షా భోగ్లే