డాల్ఫిన్‌కి ఏ జిగురు పెట్టాలి?

మొన్న సంక్రాంతికి కాకినాడ వెళ్ళినప్పుడు తమ్ముడు తేల్చి చెప్పేశాడు. "అన్నయ్యా, వెనకాల షెడ్డు పడగొట్టేస్తున్నాం. నీ డాల్ఫిన్ సంగతేదో చూసుకో, లేకపోతే పాతసామాన్లవాడికి ఇచ్చేస్తా" అని. డాల్ఫిన్ అంటే సముద్రంలోది కాదండీ, కారు. 1986లో నాన్న బెంగుళూరు నుంచి సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కొచ్చిన సిపానీ డాల్ఫిన్. ఇనుప కారైతే పాతసామాన్లవాడు కిలోల లెక్కన డబ్బులిచ్చి తీసుకెళ్తాడు. దీని బాడీ మొత్తం ఫైబర్‌గ్లాసు. తీసుకెళ్ళడానికి మనమే ఎదురు ఇవ్వాలేమో!

నాన్న పోయి ఆరేళ్ళయింది. కారు కదిలి అంతకు రెట్టింపు అయింది. దాన్ని బాగుచేద్దామంటే ఇంజన్ గురించి బెంగ లేదు, తెలిసినవాళ్ళు ఉన్నారు. ముందువైపు ఎడమ మూల జానెడు పొడుగున ఉన్న పగులు దగ్గరే ఆగిపోయాను. దానికి ఏ జిగురు పెట్టాలి? చిన్న ప్రశ్నలాగే ఉంటుంది. ఇదే ప్రశ్నకి ఒకసారి తెలిసీ తెలియని జవాబు చెప్పి స్నేహితుడికి బోల్డు డబ్బు వదిలించినవాణ్ణి కాబట్టి, ఈసారి కాస్త వెనక్కి వెళ్ళి మొదట్నుంచీ చదివాను. ఆ చదివినదే ఈ టపా.

మొదలు అమెరికాలో. 1932లో ఒహాయోలో డేల్ క్లైస్ట్ అనే కుర్రాడు గాజు దిమ్మల్ని ఒకదానికొకటి అతికించే ప్రయత్నంలో ఉండగా, కరిగిన గాజు మీద గాలి జోరుగా తగిలి సన్నటి పోగులై ఎగిరింది. గాజుపోగుని చౌకగా తయారుచేసే దారి అలా దొరికింది. (అతుకు పెట్టబోయి పోగు కనిపెట్టాడన్నమాట. మన కథంతా మళ్ళీ అతుకు దగ్గరికే వస్తుంది.) అయితే పోగు ఒక్కటీ గుడ్డ కిందే లెక్క. అది రేకులా గట్టిపడాలంటే దాన్ని తడిపి పట్టుకునే రెజిన్ కావాలి. 1930ల్లోనే కార్ల్‌టన్ ఎల్లిస్ లాంటి రసాయనజ్ఞుల పనివల్ల పాలియెస్టర్ రెజిన్ వచ్చింది. యుద్ధంలో విమానాల మీద ఈ జోడీని పరీక్షించారు. 1946లో విలియం స్టౌట్ ఫైబర్‌గ్లాసు బాడీతో ఒక కారు నమూనా చేశాడు. 1953 జూన్ 30న మిషిగన్ రాష్ట్రం ఫ్లింట్‌లో మొదటి షెవర్లే కోర్వెట్ బయటికి వచ్చింది. ఆ ఏడాది చేసినవి 300 కార్లే.

ఆ కోర్వెట్ బాడీ ఒకే అచ్చులో పోసింది కాదు. ఒహాయోలోని ఆష్టబ్యూలాలో రాబర్ట్ మారిసన్ కంపెనీ చేసిన బోలెడు విడి ముక్కల్ని వెనకవైపు పట్టీలు వేసి, జిగురు పెట్టి ఒకటిగా అతికించారు. అంటే ఫైబర్‌గ్లాసు కారుకి జిగురు రిపేర్‌లో వాడే సామాను మాత్రమే కాదు, పుట్టుకలోనే ఉంది. ఇనుప కారుకి వెల్డింగ్ ఎంతో దీనికి జిగురు అంత. పాత కోర్వెట్లకి దెబ్బ తగిలితే తగిలినచోట కాకుండా ఎక్కడో దూరంగా అతుకు వెంబడి పెయింటు చిట్లడం అందుకే.

ఇక జిగుర్లలో రెండో పెద్దాయన ఎపాక్సీ. మనకి అరాల్డైట్ అంటే తెలుస్తుంది. స్విట్జర్లాండులో పియర్ కాస్టాన్ అనే ఆయన 1930ల్లో కట్టుడు పళ్ళ కోసం తయారుచేసిన పదార్థం అది! పళ్ళ కంపెనీ దాన్ని సీబా కంపెనీకి లైసెన్సు ఇచ్చింది. 1945లో స్విస్ పారిశ్రామిక ప్రదర్శనలో సీబా దాన్ని అరాల్డైట్ పేరుతో చూపించింది. మన ఇళ్ళల్లో రెండు ట్యూబులు, ఒక అగ్గిపుల్లతో కలిపే ఆ వస్తువుకి అంత చరిత్ర ఉంది.

ఈ రెండింటికీ ఉన్న తేడా సరిగ్గా అర్థమైతే మిగతాదంతా తేలిక. పాలియెస్టర్ గట్టిపడటం పెరుగు తోడుకోవడం లాంటిది. రెజిన్‌లోనే స్టైరీన్ కలిసి ఉంటుంది, అవి రెండూ కలిసి అల్లుకోవడానికి సిద్ధంగా ఉంటాయి. హార్డెనర్ (పడవలవాళ్ళు కాటలిస్టు అంటారు) నూటికి ఒకటి రెండు పాళ్ళు వేస్తే చాలు, మొదలవుతుంది. ఎండ ఎక్కువుంటే కాస్త తగ్గిస్తారు, చలిగా ఉంటే కాస్త పెంచుతారు. ఎపాక్సీలో హార్డెనర్ తోడు కాదు, అదీ సరుకే. పప్పులో ఉప్పు కాదు, పప్పన్నంలో అన్నం అనుకోండి. రెండో ట్యూబులోని ప్రతి అణువూ మొదటి ట్యూబులోదానితో జత కట్టాలి. త్వరగా ఆరుతుందని ఎక్కువ వేస్తే జతకుదరనిది మిగిలిపోయి మెత్తగా ఉండిపోతుంది. మా ఇంట్లో విరిగిన దేవుడి పటం ఫ్రేము ముప్పయ్యేళ్ళుగా జిగటగా ఉండటానికి కారణం నాకు ఇప్పుడు తెలిసింది :)

సరే, డాల్ఫిన్ దగ్గరికి వద్దాం. ఇంగ్లండులో టామ్‌వర్త్ ఊళ్ళో రిలయంట్ అనే కంపెనీ ఉండేది (మన రిలయన్స్‌కీ దానికీ సంబంధం లేదు). 1950ల నుంచీ వాళ్ళు ఫైబర్‌గ్లాసు బాడీలతో మూడు చక్రాల కార్లు చేశారు. 1975లో కిటెన్ అని నాలుగు చక్రాల బుల్లి కారు తెచ్చారు, 848 సీసీ ఇంజన్‌తో. దాని హక్కులు తీసుకుని బెంగుళూరు సిపానీవాళ్ళు 1982లో డాల్ఫిన్‌గా అమ్మారు. అంతకుముందే బాదల్ అని మూడు చక్రాల ఫైబర్ కారు చేసిన అనుభవం వాళ్ళకి ఉంది. చిన్న కంపెనీలు ఫైబర్‌గ్లాసు వైపు వెళ్ళడానికి కారణం తేలికే. ఇనుప రేకుని నొక్కే డైలకీ ప్రెస్సులకీ పెట్టే పెట్టుబడి లక్షల కార్లు అమ్మితేనే గిట్టుతుంది. ఫైబర్‌కి ఒక అచ్చు, నాలుగు బ్రష్షులు, ఓపికున్న మనుషులు చాలు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక డాల్ఫిన్‌ని అడిగేవాళ్ళు తగ్గిపోయారు. నాన్నకి చవగ్గా దొరకడానికి అదీ ఒక కారణం.

నాన్న పోర్టులో ఇంజనీరు. కారు కొన్న ఏడాదిలోపే సామర్లకోట రోడ్డులో ఒక ఎడ్లబండి నొగ తగిలి ముందు మూల పగిలింది. ఇనుమైతే సొట్ట పడేది. ఇది గాజు పెంకులా నెర్రె విచ్చింది. ఊళ్ళో ఒక డెంటింగ్ పెయింటింగ్ షెడ్డుకి తీసుకెళ్తే ఆయన పగుల్లో అరాల్డైట్ నింపి, పైన కారు పుట్టీ రాసి, నీళ్ళ పేపరుతో రుద్ది, రంగు కొట్టి పంపాడు. ఇంటికొచ్చేసరికి అద్దంలా ఉంది. నెల తిరక్కుండా పుట్టీ పొక్కులా లేచి ఊడొచ్చింది. మళ్ళీ తీసుకెళ్తే మళ్ళీ పుట్టీ. మూడోసారి ఆయనే చేతులెత్తేసి "ప్లాస్టిక్ కారు ఎందుకు కొన్నారు సార్" అన్నాడు. ఆ మాటకి నాన్న మొహం చిన్నబోవడం నాకు గుర్తుంది. ఎనిమిదేళ్ళుంటాయి నాకప్పుడు.

తప్పు అరాల్డైట్‌ది కాదు. కారు పుట్టీ పాలియెస్టర్ రెజిన్‌తో చేసేదే. ఎపాక్సీ హార్డెనర్లో ఉండే అమీన్లు, జతకుదరకుండా మిగిలినవి, పైన వేసిన పాలియెస్టర్ తోడుని పాడుచేస్తాయి. అతుకు దగ్గర అది పూర్తిగా గట్టిపడదు. బాగా ఆరిన పాలియెస్టర్ని గరుకుచేసి దానిమీద ఎపాక్సీ వేస్తే మాత్రం గట్టిగా పట్టుకుంటుంది. అంటే అది కింద, ఇది పైన పర్లేదు. ఇది కింద, అది పైన అయితే కష్టం. వరస మారితే పనిచెయ్యదు. మన డిపెండెన్సీల గొడవలాంటిదే.

చివరికి దాన్ని బాగుచేసింది కారు మెకానిక్ కాదు, జగన్నాథపురంలో ఫైబర్ పడవలు చేసే మేస్త్రి. ఆ రోజుల్లో మన తీరంలో కర్ర తెప్పల పక్కన ఫైబర్ పడవలు కనపడటం మొదలైంది. పోర్టు పనిమీద నాన్నకి ఆయన పరిచయం. కారు చుట్టూ ఒకసారి తిరిగి, వేలితో కొట్టి చూసి, "ఇంజనీరుగారూ, ఇది కారు కాదండి, బోర్లించిన పడవండి" అన్నాడు. ముందు అరాల్డైట్ మొత్తం గ్రైండరుతో లేపేశాడు, ఒక్క మరక లేకుండా. తర్వాత పగులుకి రెండుపక్కలా జానెడు మేర పల్చగా ఏటవాలుగా చెక్కాడు. సన్నటి గీతలో నింపిన జిగురుకి బలం ఉండదు, అతుక్కునే విస్తీర్ణంలో ఉంటుంది బలం. అప్పుడు లోపలివైపు నుంచి గ్లాసు మ్యాట్ ముక్కలు, ఒకదానికంటే ఒకటి పెద్దవి, పాలియెస్టర్ రెజిన్లో తడిపి పరిచాడు. కోబాల్టు ముందే రెజిన్లో కలిపి పెట్టాడు. కాటలిస్టు డబ్బాని మాత్రం దూరంగా ఉంచి "ఈ రెండూ నేరుగా కలిశాయంటే పేలిపోద్ది, ఇటు రాకు బాబూ" అని నన్ను తరిమేశాడు. అది ఉత్త బెదిరింపు కాదని కెమిస్ట్రీ చదివాక తెలిసింది. ఆ అతుకు ఇరవై ఏళ్ళు పైగా చెక్కుచెదరలేదు.

ఇక నా ఘనకార్యం. 2009లో డెట్రాయిట్ దగ్గర ఉద్యోగం చేస్తున్న నా పాత రూమ్మేటు, మాంద్యంలో చవగ్గా వచ్చిందని 1979 కోర్వెట్ కొన్నాడు. వెనక ఫెండరు పగిలి ఉంది. "ఏరా, మీ నాన్నగారి కారు కూడా ఇదే కదా, ఏం చెయ్యమంటావ్?" అని ఫోన్. నేను పడవ మేస్త్రి విద్య మొత్తం అప్పజెప్పాను, పాలియెస్టర్ రెజిన్, మ్యాట్, ఏటవాలు చెక్కుడు, అన్నీ. వాడు రెండు వారాంతాలు కష్టపడి చేసుకుని, షాపులో రంగు వేయించాడు. ఒక చలికాలం గడిచేసరికి అతుకు అంచు లేచింది, రంగంతా చిట్లింది. మళ్ళీ చేయించడానికి కారు కొన్న ధరలో సగం అయింది. వాడు నన్నేమీ అనలేదు. అదే ఇబ్బంది.

నాకు తెలియనిదేంటంటే, 1953 కోర్వెట్, 1979 కోర్వెట్ రెండూ ఫైబర్‌గ్లాసే గానీ ఒకటి కాదు. 1970ల తొలి సగంలో కోర్వెట్ ప్యానెళ్ళు ఎస్.ఎం.సి. అనే పద్ధతికి మారాయి. పాలియెస్టర్, తరిగిన గాజుపోగు, సుద్దపొడి కలిపి చపాతీ పిండిలా షీటు చేసి ఉంచుతారు. దాన్ని వేడి డైలో పెట్టి నొక్కితే నిమిషాల్లో ప్యానెల్. అచ్చుకి అంటుకోకుండా పిండిలోనే జింక్ స్టియరేటు కలుపుతారు. అచ్చుకి అంటుకోకూడదని వేసింది తర్వాత పెట్టే జిగురుకి మాత్రం ఎందుకు అంటుకోనిస్తుంది? అది పైపూత కాదు, పదార్థంలోనే ఉంది. పైగా పాలియెస్టర్ ఆరేటప్పుడు ఏడెనిమిది శాతం దాకా కుంచించుకుంటుంది, అంచుల్ని లాగుతూ ఉంటుంది. పడవ లాంటి చేతిపని బాడీకి అది చెల్లింది. దీనికి చెల్లలేదు.

అందుకే ఎస్.ఎం.సి. వచ్చాక కార్ల పరిశ్రమ పాలియెస్టర్ జిగురు వదిలేసి రెండు భాగాల పాలియురేథేన్, ఎపాక్సీల వైపు వెళ్ళింది. పాలియురేథేన్ 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టింది. అది కాస్త సాగుతుంది, అందుకే ఎండకీ చలికీ కదిలే ప్యానెళ్ళకి నప్పుతుంది. తర్వాత మెథాక్రిలేట్ జిగుర్లొచ్చాయి. త్వరగా పట్టేస్తాయి, గరుకుచెయ్యడం కొంచెం అటూ ఇటూ అయినా క్షమిస్తాయి, వాసన మాత్రం భరించలేం. నా దృష్టిలో ఇవన్నీ మంచివే. "ఏది బెస్టు" అని అడిగేవాళ్ళు ముందు ఫెండరు లోపలివైపు చెయ్యి పెట్టి చూడాలి. గాజుపోగులు గరుకుగా తగిలితే చేత్తో పరిచింది. రెండువైపులా నున్నగా ఉంటే ప్రెస్సులో నొక్కింది. నా స్నేహితుణ్ణి ఆ ఒక్క ముక్క అడిగి ఉంటే సరిపోయేది.

ఇప్పుడు డాల్ఫిన్. లోపల చెయ్యి పెట్టి చూశాను, గరుకే. ఇంకేం, మేస్త్రి పద్ధతే అనుకుని పాలియెస్టర్ రెజిన్ ఆర్డరు పెట్టబోతూ తమ్ముణ్ణి మాటవరసకి అడిగాను, ఈ అతుకు మీద ఎవరైనా చెయ్యి చేసుకున్నారా అని. వాడు కాసేపు ఆలోచించి, "నాన్న ఒకసారి ఎం-సీల్ పెట్టారు అన్నయ్యా. చివర్లో, కారు ఆగిపోయాక. వాన నీళ్ళు లోపలికి పోతున్నాయని" అన్నాడు. ఎం-సీల్ అంటే ఎపాక్సీయే. మళ్ళీ షెడ్డాయన కథే అయ్యేది!

దగ్గరగా చూస్తే నిజమే, పగులు వెంబడి బూడిదరంగు పట్టీ, మీద వేలిముద్రలు. నాన్నవే అయుండాలి. మేస్త్రి అయితే మొత్తం లేపేసేవాడు. నేను లోపలివైపు చెక్కి, మొత్తం పని ఎపాక్సీతోనే చేద్దామని నిర్ణయించుకున్నాను. కింద పాత పాలియెస్టర్, అక్కడక్కడా ఎం-సీల్, పైన ఎపాక్సీ, ఈ వరసలో ఏదీ దేన్నీ పాడుచెయ్యదు. బయట ఆ వేలిముద్రల మేర మాత్రం చెక్కను. పైన పల్చగా ఎపాక్సీ పుట్టీయే వెయ్యాలి, మామూలు కారు పుట్టీ తగలనివ్వకూడదు. మ్యాట్ బదులు నేత గుడ్డ తీసుకున్నాను, ఎందుకంటే మామూలు మ్యాట్‌లో పోగుల్ని పట్టి ఉంచే బైండరు స్టైరీన్‌లో కరిగే రకం, ఎపాక్సీలో సరిగా కరగదు.

ఇంకో చిక్కు గాలిలో తేమ. ఆరేటప్పుడు తేమ తగిలితే ఎపాక్సీ మీద జిడ్డులాంటి పొర కడుతుంది, నీళ్ళతో కడిగి రుద్దితే గానీ పై పొర పట్టదు. కాకినాడలో తేమ లేని రోజెప్పుడని అడక్కండి. వానలు మొదలయ్యేలోపు అయితే నయం. షెడ్డు పడగొట్టడం జూన్‌కి వాయిదా వేయించాను. తమ్ముడు గ్రైండరు అద్దెకి మాట్లాడాడట. "గాజు పొడి దురద పుడుతుంది, నిండుచేతుల చొక్కా, మాస్కు లేకుండా మొదలుపెట్టకురా" అని చెప్పాను. నేను వచ్చేదాకా బయటివైపు ముట్టుకోవద్దని కూడా.