పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుండాలి?

ఇలా కుంపటి దగ్గరికి జరిగి కూర్చో, మనవడా. సీనియర్లు వెళ్లిపోయారు, మీ కాలేజీ నాటక సంఘం మూతపడేలా ఉందని దిగులు పడుతున్నావట. కొత్త నీరొచ్చి పాత నీటిని తోసేయడం ఏటా ఉండేదే. పోయేవాళ్లు ఏం అప్పజెప్పి పోయారో అది చెప్పు ముందు.

మా రోజుల్లో పీయూసీ, అంటే డిగ్రీకి ముందు చదువు, ఒక ఏడు, డిగ్రీ మూడేళ్లు. హాస్టల్లో సాహితీ సమితి ఉండేది, నెలకు నాలుగణాల చందా. నయాపైసలు 1957లోనే వచ్చినా మా నోటికి అణాలే పట్టుబడ్డాయి. పావలా ఉంటే హోటల్లో టిఫినూ కాఫీ కానిచ్చి... సరే, టిఫిన్ల జోలికెళితే ఇక్కడే తెల్లారుతుంది.

మాకో లిఖిత పత్రిక ఉండేది. ఒకటే ప్రతి. రీడింగు రూములో బల్లకు దారంతో కట్టేవాళ్లం. ముత్యాల్లాంటి దస్తూరీ ఉన్న కుర్రాడొకడే అంతా రాసేవాడు. పరీక్షలయ్యాక వాడు ఊరెళ్లాడు, పత్రిక ఆగిపోయింది! మళ్లీ మొదలుపెట్టినప్పుడు, రాసేవాడి పక్కన ఒక పీయూసీ పిల్లాణ్ణి కూర్చోబెట్టాం. మొదట గీతలు కొట్టేవాడు, తర్వాత శీర్షికలు రాశాడు, ఏడాది తిరిగేసరికి పేజీలకు పేజీలు నింపాడు.

ఇక కార్యదర్శి పదవంటే అందరికీ మోజే. అందరూ పల్లకీ ఎక్కితే మోసేదెవరు? అందుకని ఆఖరేడు వాళ్లకు సలహా చెప్పే పని మాత్రమే ఇచ్చాం. సమితి సామాను పెట్టె తాళంచెవి పీయూసీ వాడి దగ్గర. వాడింకా మూడేళ్లు ఉంటాడు కదా! మీసాలొచ్చిన పెద్దమనుషులు వాడి గది ముందు నిలబడి తాళంచెవి అడగాలంటే ఎంత నామోషీ పడేవారో!

పెట్టెలో అట్ట వేసిన లెక్కల పుస్తకం ఉండేది. దాని చివరి పేజీలే మాకు ప్రాణం. తెరలు అద్దెకిచ్చేదెవరు, హార్మోనియం ఆయన ఎంత పుచ్చుకుంటాడు, ముందుగా కాఫీ ఇవ్వకపోతే ఎలా అలుగుతాడు, వార్డెన్ ఏ వేళకు సంతకం పెడతాడు, అన్నీ అందులోనే.

కొన్నిచోట్ల ఈ పనికి మనిషే ఉండేవాడు. హైదరాబాదులో 1918లో పెట్టిన రెడ్డి హాస్టల్‌ని సురవరం ప్రతాపరెడ్డిగారు కొన్నేళ్లు చూసుకున్నారు. పిల్లలు మారినా అలాంటి పెద్ద దిక్కు ఉంటే నిశ్చింత. మాకు ఆ భాగ్యం లేదు, పుస్తకమే దిక్కయింది.

మీకు అలాంటి పుస్తకం ఉందా? లేదూ? అయితే మీ సీనియర్లు ఉద్యోగాల్లో పడి మరిచిపోకముందే అన్నీ అడిగి రాయించు. నువ్వు రాయకు, మొదటేడు పిల్లాడి చేత రాయించు.