ఆంగ్లభాషలో ప్రక్కలు

ఆంగ్లభాషలో 'సైడ్' అను చిన్నమాటకు బనులు మెండు. వివాదమున నొకరి కొమ్ము కాయుట 'టేకింగ్ సైడ్స్'. ప్రొద్దుననే చిఱ్ఱుబుఱ్ఱులాడువాడు మంచమునకు 'రాంగ్ సైడు'న దిగినవాడు. తన లాభ మెచ్చట నున్నదో తెలిసినవాడు తన రొట్టెకు వెన్న యేప్రక్క బూసిరో యెఱిగినవాడు. ఈ మాట 1546లో జాన్ హేవుడ్ ప్రకటించిన సామెతల గ్రంథమునందే కలదు. ఇవి యిండ్లలో బుట్టిన పలుకుబళ్లు. నేను ముచ్చటింపదలచినది సభామందిరమున బుట్టినది: 'క్రాసింగ్ ది ఫ్లోర్', అనగా నడిమి నేల దాటి యెదుటి ప్రక్కకు బోవుట.

ఇంగ్లాండు కామన్సు సభ పదియాఱవ శతాబ్ది మధ్యమునుండి 1834 వఱకు వెస్టుమినిస్టరులోని సెయింట్ స్టీఫెన్స్ ప్రార్థనామందిరమున గూడుచుండెను. అందు స్తోత్రగాయకులకై యెదురెదురుగ రెండు వరుసల యాసనము లుండెడివి. సభ్యులు వానిపై గూర్చుండిరి. పూజావేదిక యున్నచోట స్పీకరు పీఠము వెలసెను. క్రమముగ స్పీకరు కుడిప్రక్క ప్రభుత్వమునకును, ఎడమప్రక్క ప్రతిపక్షమునకును స్థిరపడినవి. పాటకై కట్టిన గది వాదమున కక్కఱకు వచ్చినది! 1834 అక్టోబరు 16న ఆ భవనము దగ్ధమయ్యెను గాని, క్రొత్తదానిలోను ఆసనముల యమరిక మాఱలేదు.

ఫ్రాన్సు కథ వేఱు. 1789లో రాజునకు నిషేధాధికార ముండవలెనా యని వాదము రాగా, కావలెనన్నవారు అధ్యక్షుని కుడివైపునను, కూడదన్నవారు ఎడమవైపునను జేరిరి. 'లెఫ్టు', 'రైటు' అను రాజకీయనామములకు మూల మిదియే. పిమ్మట నక్కడ నేర్పడిన యర్ధచంద్రాకార సభలో నొక్కొక్క యాసనమే జరుగుచు నీ కొననుండి యా కొనకు జేరవచ్చును. పొరుగువానికి గూడ దెలియదు. కామన్సు సభలో నట్లు కాదు. అందఱు చూచుచుండగా నడచిపోవలెను. మన గోడమీది పిల్లికి ఆ గదిలో గోడయే లేదు.

1904 మే 31న విన్‌స్టన్ చర్చిల్ అట్లు నడచెను. 1900లో కన్సర్వేటివు పక్షమున నెన్నికైన యాయన, దిగుమతి సుంకముల విషయమున స్వపక్షముతో బొసగక, లిబరలులలో లాయిడ్ జార్జి సరసన గూర్చుండెను. పూర్వమిత్రులు పలువు రాయనను ద్రోహిగా నెంచిరి. 1924లో మరల వెనుకటి పక్షమునకే మరలెను. ఆయన నిలుకడను నేను మెచ్చజాలను. కాని చాటున మాఱలేదని మాత్ర మొప్పుకొనక తప్పదు.

1941 మే నెలలో జర్మను బాంబులకు సభామందిరము కూలెను. 1943 అక్టోబరులో దాని పునర్నిర్మాణమును గూర్చి చర్చ జరుగగా, అర్ధచంద్రాకారము వలదని వాదించినవాడు చర్చిలే. నేల దాటుట సులభము కారాదనియు, దాని కష్టము రెండుమార్లు దాటిన తనకు దెలియుననియు నాయన సభకు విన్నవించెను. గది చిన్నదిగనే యుండవలెననియు గోరెను. అట్లే కట్టిరి. అది 1950లో దెఱవబడెను. సభ్యులందఱు వచ్చిన దినమున గొందఱు నిలువబడియే యుండవలెను.