స్టేడియంలో హాఫ్ టైమ్ తిండి: పదిహేను నిమిషాల్లో హలాల్ దొరుకుతుందా?

ఫుట్‌బాల్ మ్యాచ్‌కి కుటుంబంతో వెళ్తే టికెట్ దొరకడం ఒక ఎత్తు, లోపల పిల్లలకి పెట్టడానికి హలాల్ తిండి దొరకడం ఇంకో ఎత్తు. బయటి తిండిని చాలా స్టేడియాల్లో గేటు దగ్గరే ఆపేస్తారు. లోపల పెద్ద క్యూ, పక్కనే బీరు కౌంటర్, చేతికిచ్చే పై లోపలి మాంసం హలాలో కాదో చెప్పేవాళ్లు ఉండరు. చివరికి ఒక చిప్స్ ప్యాకెట్, నీళ్ల బాటిల్‌తో సర్దుకుని ఇంటికొచ్చాక భోంచేయడం ముస్లిం కుటుంబాలకి కొత్తేమీ కాదు.

హైదరాబాద్ ముస్లింలకి ఫుట్‌బాల్ పరాయి ఆట కాదు. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కి బంగారు పతకాలు తెచ్చిపెట్టిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఈ ఊరివారే. ఇప్పుడు చదువులకి బ్రిటన్ వెళ్లిన పిల్లలు, ఉద్యోగాలకి గల్ఫ్ వెళ్లినవాళ్లు, అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు అక్కడి స్టేడియాల మెట్లెక్కుతున్నారు. ఆ స్టేడియాల్లో ఏం అమ్ముతారు, ఎందుకు అవే అమ్ముతారు, మద్యం మీద ఏ దేశంలో ఏ రూలు ఉంది, హలాల్ కౌంటర్ ఎలా వస్తుంది, వెళ్లే ముందు ఏం అడగాలి అన్న వివరాలు ఇవి.

పదిహేను నిమిషాల లెక్క

ఫుట్‌బాల్ నియమాల ప్రకారం మొదటి సగానికి, రెండో సగానికి మధ్య విరామం 15 నిమిషాలు దాటకూడదు. స్టేడియం తిండి వ్యాపారంలో పెద్ద భాగం దీని చుట్టే తిరుగుతుంది. మ్యాచ్‌కి ముందు కొంత అమ్మకం ఉంటుంది. ఆట నడుస్తున్నప్పుడు సీటు వదిలి లేచేవాళ్లు తక్కువ. అసలు తాకిడి హాఫ్ టైమ్‌లోనే.

ఉదాహరణకి 30,000 మంది పట్టే స్టేడియం అనుకుందాం. అందులో మూడోవంతు, అంటే 10,000 మంది, హాఫ్ టైమ్‌లో కౌంటర్ల దగ్గరికి వచ్చారు. ఒక్కొక్కరికి 45 సెకన్లు పడితే 15 నిమిషాల్లో ఒక కౌంటర్ 20 మందికి మాత్రమే ఇవ్వగలదు. అందరికీ అందాలంటే 500 కౌంటర్లు కావాలి. అంత జాగా, అంత మంది పనివాళ్లు ఎక్కడా ఉండరు.

అందుకే మెనూ చిన్నది. ముందే వండి వేడిగా ఉంచగలిగినవి, ఒక చేత్తో పట్టుకుని తినేవి, ప్లేటూ స్పూనూ అవసరం లేనివి మాత్రమే ఉంటాయి. డబ్బు లెక్కపెట్టి చిల్లర ఇచ్చే టైమ్ కూడా మిగల్చాలని చాలా స్టేడియాలు కార్డు తప్ప నోట్లు తీసుకోవడం మానేశాయి. లండన్‌లో 2019లో తెరిచిన టాటెన్‌హామ్ స్టేడియం మొదటి నుంచీ నగదు లేకుండానే నడుస్తోంది. అక్కడ 65 మీటర్ల పొడవున్న బార్ ఉంది, బీరు కప్పుని అడుగు నుంచి నింపే యంత్రాలున్నాయి. అదంతా కొన్ని సెకన్లు మిగల్చడానికే.

హలాల్ తిండి వెనకబడేదీ ఈ లెక్క దగ్గరే. హలాల్ మాంసానికి నిల్వ విడిగా ఉండాలి, వేయించే నూనె విడిగా ఉండాలి, పట్టకార్లూ ట్రేలూ కలవకూడదు. ఒకే కౌంటర్‌లో పంది సాసేజ్ పక్కన హలాల్ చికెన్ పెడితే దానికి అర్థం లేదు. అంటే విడిగా ఒక కౌంటర్, దానికి విడిగా మనుషులు. అన్ని బ్లాకుల్లోనూ పెట్టడం ఖర్చని ఒకటో రెండో పెడతారు. అది మన సీటుకి అవతలి వైపు ఉంటే వెళ్లి వచ్చేసరికి రెండో సగం మొదలైపోతుంది.

పై, బోవ్రిల్, బాల్టీ

బ్రిటన్‌లో ఫుట్‌బాల్ తిండి అంటే పై. మైదాపిండి గుల్లలో మాంసం కూరి కాల్చినది. చలిలో చేతులు వెచ్చబడతాయి, తిన్నాక పారేయాల్సిన ప్లేటూ ఉండదు. స్కాట్లండ్‌లో చేసే పైలో సంప్రదాయంగా పొట్టేలు మాంసం వాడతారు. దానితో పాటు బోవ్రిల్ తాగుతారు. చూడటానికి డికాషన్‌లా ఉన్నా అది గొడ్డు మాంసం సారంతో చేసిన వేడి పానీయం. టీ అనుకుని పొరపాటున తీసుకునే ప్రమాదం ఉంది కాబట్టి పేరు గుర్తుపెట్టుకోవాలి.

ఈ వరసలోకి మన ఉపఖండం రుచి కూడా చేరింది. బర్మింగ్‌హామ్‌లో పాకిస్తాన్, కశ్మీర్ మూలాల హోటళ్లవాళ్లు 1970ల్లో చిన్న ఇనప గిన్నెలో వండి అదే గిన్నెతో వడ్డించే బాల్టీ కూరని ప్రచారంలోకి తెచ్చారు. ఉర్దూలో బాల్టీ అన్నా, తెలుగులో బాల్చీ అన్నా ఒకటే మాట. 1990ల చివర్లో ఆ చుట్టుపక్కలే ఉన్న వాల్సాల్ క్లబ్ మైదానంలో చికెన్ బాల్టీ పై అమ్మకానికి వచ్చింది. అక్కడి నుంచి ఇంగ్లండ్ అంతటా పాకింది. ఇప్పుడది ఇంగ్లిష్ ఫుట్‌బాల్ తిండే అయిపోయింది.

కానీ ఇక్కడే చాలామంది పొరబడతారు. పేరు మనది, మసాలా మనది అయినంత మాత్రాన లోపలి చికెన్ హలాల్ అయిపోదు. హలాల్ అని రాసి ఉంటే తప్ప బాల్టీ పై కూడా మిగతా పైల లాంటిదే అనుకోవాలి.

మిగతా దేశాల్లో జర్మనీ స్టేడియంలో సాసేజ్, బీరు తప్పనిసరి. ఆ సాసేజ్ మామూలుగా పంది మాంసమే. స్పెయిన్‌లో పొద్దుతిరుగుడు గింజలు నమలడం, ఇంటి నుంచి రేకు కాగితంలో చుట్టి తెచ్చుకున్న బ్రెడ్ రోల్‌ని హాఫ్ టైమ్‌లో విప్పడం పాత అలవాటు. టర్కీలో స్టేడియం బయట కోఫ్తా కాల్చి బ్రెడ్‌లో పెట్టి ఇస్తారు. అమెరికాలో హాట్ డాగ్ రాజ్యం. అక్కడ పూర్తిగా బీఫ్ అని రాసి ఉంటే పంది మాంసం లేదని అర్థం, జబీహా అని కాదు.

మద్యం మీద ఏ దేశంలో ఏ రూలు

మద్యం విషయంలో ముస్లిం దేశాలే కట్టుబాట్లు పెడతాయని ఒక అపోహ ఉంది. నిజానికి స్టేడియాల్లో మద్యం మీద గట్టి చట్టాలు యూరప్‌లోనూ ఉన్నాయి.

1980 మే 10న గ్లాస్గోలోని హాంప్‌డెన్ పార్క్‌లో సెల్టిక్, రేంజర్స్ మధ్య స్కాటిష్ కప్ ఫైనల్ ముగిశాక రెండు వైపుల అభిమానులు మైదానంలోకి దిగి కొట్టుకున్నారు. ఆ ఏడాదే స్కాట్లండ్‌లో మామూలు ప్రేక్షకులకి స్టేడియంలో మద్యం అమ్మడాన్ని ఆపే చట్టం వచ్చింది. ఇంగ్లండ్, వేల్స్‌లో 1985లో వచ్చింది. దాని ప్రకారం మ్యాచ్‌కి రెండు గంటల ముందు నుంచి ముగిసిన గంట దాకా, మైదానం కనిపించే చోట చేతిలో మద్యం ఉంటే నేరం. పురుషుల ఫుట్‌బాల్ పై డివిజన్లకి ఇది వర్తిస్తుంది. అయితే సీట్ల వెనక నడవాల్లో అమ్మకం ఉంటుంది. అందుకే హాఫ్ టైమ్‌లో జనం ఆ నడవాల్లో నిలబడి గబగబా తాగేస్తారు. పిల్లలతో వెళ్లినవాళ్లకి ఇబ్బంది ఎదురయ్యేది సీట్ల దగ్గర కాదు, తిండి కౌంటర్ ఉన్న ఆ నడవాలోనే.

ఫ్రాన్స్‌లో 1991 నాటి చట్టం స్టేడియాల్లో మద్యాన్ని బాగా కట్టడి చేసింది. స్పెయిన్‌లో మామూలు సీట్లలో మద్యం లేని బీరు మాత్రమే దొరుకుతుంది. జర్మనీలో మాత్రం సీట్లోనే కూర్చుని తాగొచ్చు. చాలా దేశాల్లో ఖరీదైన హాస్పిటాలిటీ గదులకి మినహాయింపు ఉంటుంది. అంటే మామూలు టికెట్‌కి ఒక రూలు, పెద్ద టికెట్‌కి ఇంకో రూలు.

ఖతార్ 2022

2022 ప్రపంచ కప్ నవంబర్ 20న మొదలైంది. సరిగ్గా రెండు రోజుల ముందు, నవంబర్ 18న, ఎనిమిది స్టేడియాల ఆవరణల్లో బీరు అమ్మకం ఉండదని ఫిఫా ప్రకటించింది. స్పాన్సర్ బడ్‌వైజర్. వార్తల్లో వచ్చిన లెక్క ప్రకారం ఆ ఒప్పందం విలువ సుమారు 7.5 కోట్ల డాలర్లు. చివరికి స్టేడియాల్లో దాని మద్యం లేని రకం మాత్రమే అమ్మారు. దోహాలోని ఫ్యాన్ ఫెస్టివల్‌లో సాయంత్రం పూట అరలీటరు బీరు 50 రియాళ్లకి దొరికింది. స్టేడియాల్లోని హాస్పిటాలిటీ గదుల్లోనూ మద్యం కొనసాగింది.

అంతకుముందు బ్రెజిల్‌లో జరిగింది దీనికి తలకిందులు. అక్కడ స్టేడియాల్లో మద్య నిషేధం ఉండేది. 2014 ప్రపంచ కప్ కోసం 2012లో ప్రత్యేక చట్టం చేసి బీరుకి దారి ఇచ్చారు.

ఖతార్ నిర్ణయం మీద యూరప్‌లో విమర్శలు గట్టిగానే వచ్చాయి. చివరి నిమిషంలో మాట మార్చారన్న అభ్యంతరంలో న్యాయం ఉంది. కానీ టోర్నీ ముగిశాక బ్రిటన్ పోలీసులు చెప్పిన మాట ఏమిటంటే, అక్కడికి వెళ్లిన ఇంగ్లండ్, వేల్స్ అభిమానుల్లో ఒక్కరూ అరెస్టు కాలేదు. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ వైపు నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లకి దోహా తెలిసిన ఊరే. అక్కడ మాంసం హలాలా అని ఎవరూ అడగాల్సిన పని పడలేదు. స్టేడియాల్లో నమాజ్ గదులు కూడా ఉన్నాయి.

కౌంటర్ వెనక ఎవరున్నారు

స్టేడియంలో తిండి అమ్మేది చాలాచోట్ల క్లబ్ కాదు. పెద్ద కేటరింగ్ కంపెనీలు ఏళ్ల తరబడి ఒప్పందం మీద తీసుకుంటాయి. డెలావేర్ నార్త్, లెవీ, సోడెక్సో, అరామార్క్ లాంటివి ఈ రంగంలో పేరున్నవి. 1915లో అమెరికాలోని బఫెలో నగరంలో ముగ్గురు అన్నదమ్ములు పల్లీలు, పాప్‌కార్న్ అమ్ముతూ మొదలుపెట్టినదే డెలావేర్ నార్త్. ఏ కౌంటర్ ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది ఈ కంపెనీల అమ్మకాల లెక్కల్ని బట్టి తేలుతుంది.

లోపల వేరే దుకాణం లేదు కాబట్టి ధరలు మండిపోతాయి. దానికి భిన్నంగా నడిచిన ఉదాహరణ అట్లాంటాది. 2017లో తెరిచిన మెర్సిడెస్ బెంజ్ స్టేడియంలో హాట్ డాగ్ 2 డాలర్లు, మళ్లీ మళ్లీ నింపుకునే కూల్ డ్రింక్ 2 డాలర్లుగా పెట్టారు. అక్కడ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఫాల్కన్స్ పాత స్టేడియం ధరలతో పోలిస్తే ఇవి సగం. మొదటి సీజన్‌లో ఆ జట్టు మ్యాచ్‌లకి వచ్చిన ఒక్కో అభిమాని తిండి మీద పెట్టిన సగటు ఖర్చు తగ్గలేదు సరికదా, 16 శాతం పెరిగింది. ధర తగ్గితే నలుగురున్న కుటుంబం నలుగురికీ కొంటుంది. ఈ లెక్క హలాల్ కౌంటర్‌కీ వర్తిస్తుంది. ఇప్పుడు ఏమీ కొనకుండా కూర్చునే కుటుంబం, నమ్మకం కలిగితే కొంటుంది.

మారుతున్న మైదానాలు

మార్పు ఎక్కువగా ముస్లిం జనాభా ఉన్న ఊళ్ల నుంచే వచ్చింది. ఉత్తర ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్‌లో గుజరాత్, పాకిస్తాన్ మూలాల ముస్లింలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 2022 మే 2న బ్లాక్‌బర్న్ రోవర్స్ క్లబ్ తన మైదానంలోనే ఈదుల్ ఫితర్ నమాజ్ జరిపించింది. 2023 మార్చి 26న లండన్‌లో చెల్సీ క్లబ్ స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌లో, పిచ్ పక్కనే, అందరికీ ఇఫ్తార్ ఇచ్చింది. ప్రీమియర్ లీగ్ స్టేడియంలో బహిరంగ ఇఫ్తార్ అదే మొదటిది.

ఆటగాళ్ల విషయంలోనూ ఇదే మార్పు. 2021 ఏప్రిల్ 26న లెస్టర్, క్రిస్టల్ ప్యాలెస్ మ్యాచ్‌లో గోల్ కిక్ దగ్గర ఆట కాసేపు ఆగింది. రోజాలో ఉన్న వెస్లీ ఫొఫానా, షేక్ కుయాటె ఆ కాస్త సమయంలో రోజా విప్పారు. 2023లో ఇంగ్లండ్ రిఫరీలకి దీనికి వీలివ్వమని సూచన వెళ్లింది. అదే ఏడాది ఫ్రాన్స్ ఫెడరేషన్ ఇలా ఆట ఆపొద్దని తన రిఫరీలకి చెప్పింది. పక్కపక్క దేశాలే అయినా తీరు వేరు.

మతంతో సంబంధం లేని మార్పు కూడా కొన్నిసార్లు మేలు చేస్తుంది. ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్ అనే చిన్న ఇంగ్లిష్ క్లబ్ 2015 నుంచి తన మైదానంలో మాంసం, పాలు, గుడ్లు లేని తిండే అమ్ముతోంది. అక్కడ పై తినడానికి ముస్లిం కుటుంబం మాంసం గురించి ఆరా తీయాల్సిన పని లేదు.

వెళ్లే ముందు అడగాల్సినవి

హలాల్ కౌంటర్ ఉందా, ఉంటే ఏ బ్లాక్‌లో? టికెట్ కొనే ముందే క్లబ్‌కి మెయిల్ పెట్టి అడగాలి. వీలైతే దానికి దగ్గరి సీట్లే తీసుకోవాలి.

సర్టిఫికెట్ ఎవరిది? బ్రిటన్‌లో హలాల్ మానిటరింగ్ కమిటీ, హలాల్ ఫుడ్ అథారిటీ అనే రెండు పేర్లు ఎక్కువగా కనిపిస్తాయి. జంతువుని కోసే ముందు స్పృహ తప్పించడాన్ని మొదటిది ఒప్పుకోదు. జంతువు చనిపోకుండా ఉంటే రెండోది ఒప్పుకుంటుంది. ఏది సరిపోతుందో ఇంట్లో ముందే తేల్చుకుంటే మంచిది.

చిప్స్ వేయించే నూనె ఏది? బ్రిటన్‌లో కొన్నిచోట్ల గొడ్డు కొవ్వులో వేయిస్తారు. కొన్నిచోట్ల సాసేజ్‌లు వేయించిన నూనెలోనే వేస్తారు.

పిల్లల మిఠాయిల్లో ఏముంది? జెల్లీ మిఠాయిల్లో పంది జెలటిన్ ఉండొచ్చు. ప్యాకెట్ వెనక చదవాలి.

మద్యం లేని బీరు అంటే ఏమిటి? కొన్నింటిలో 0.5 శాతం దాకా ఆల్కహాల్ ఉంటుంది. దీని మీద తెలిసిన ఆలిమ్‌ని అడగడమే మేలు.

ఫ్యామిలీ స్టాండ్ ఉందా? చాలా ఇంగ్లిష్ క్లబ్‌ల్లో పిల్లలున్నవాళ్లకి విడి స్టాండ్ ఉంటుంది. అక్కడ మద్యం అమ్ముతారో లేదో కూడా అడగాలి.

లోపలికి ఏం తీసుకెళ్లొచ్చు? పసిపిల్లల పాలు, మందులకి సాధారణంగా మినహాయింపు ఇస్తారు. రంజాన్‌లో మ్యాచ్ మగ్రిబ్ వేళకి పడితే ఖర్జూరాలు, నీళ్లు తీసుకెళ్లడానికి ముందే అనుమతి అడిగి, ఆ జవాబు ఫోన్‌లో పెట్టుకోవాలి.

2034 ప్రపంచ కప్ సౌదీ అరేబియాలో జరగనుంది. అక్కడ హోటళ్లతో సహా ఎక్కడా మద్యం ఉండదని లండన్‌లోని సౌదీ రాయబారి 2025 ఫిబ్రవరిలో చెప్పారు. అక్కడ కుటుంబాలకి తిండి గురించి బెంగ ఉండదు. బర్మింగ్‌హామ్‌లోనో, డాలస్‌లోనో మ్యాచ్ చూసేవాళ్ల సంగతి వేరు. అక్కడ కేటరింగ్ కంపెనీ చూసేది అమ్మకాల లెక్క. ఇంటి దగ్గర తినేసి వెళ్లి ఊరుకుంటే ఆ లెక్కలో మన పేరు ఉండదు. ఒక్క మెయిల్ పెట్టి అడిగినా, ఉన్న హలాల్ కౌంటర్ దగ్గర ఒక్క సమోసా కొన్నా ఉంటుంది.