జీమెయిల్ నిల్వ
గూగుల్ 2004 ఏప్రిల్ 1న జీమెయిల్‌ను 1 జీబీ ఉచిత నిల్వతో ప్రారంభించింది. తేదీ చూసి ఏప్రిల్ ఫూల్ అనుకున్నవారే ఎక్కువ. 2013లో ఈ పరిమితిని 15 జీబీకి పెంచి డ్రైవ్, ఫొటోలతో ఉమ్మడి చేసింది. చిక్కంతా ఆ ఉమ్మడిలోనే ఉంది. ఫోన్ నుంచి వాటంతటవే ఎక్కే వీడియోలతో నిల్వ నిండిపోతే కొత్త మెయిళ్లు రావు, పంపినవారికే తిరిగిపోతాయి. అప్పుడు ప్రకటనల మెయిళ్లను ఒక్కొక్కటిగా ఏరుతూ కూర్చోవడం దండగ. సెర్చ్‌లో సైజు ఎంచుకుని 10 ఎంబీ దాటినవి తీసేస్తే పని త్వరగా తెములుతుంది. తీసేసినవి 30 రోజులు ట్రాష్‌లో ఉండి చోటు తింటూనే ఉంటాయి కనుక దాన్నీ ఖాళీ చేయాలి. చోటున్నా మెయిల్ కనబడకపోతే స్పామ్, ఆల్ మెయిల్, ఫిల్టర్లు చూడాలి. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాను గూగుల్ తొలగించవచ్చు.