‘లిటిల్ బ్రదర్’ — నవల వెనక చరిత్ర

కెనడాలో పుట్టిన రచయిత కోరీ డాక్టరో 2008లో ‘లిటిల్ బ్రదర్’ అనే నవల ప్రకటించాడు. హైస్కూలు వయసు పిల్లలకోసం వుత్కంఠ చెడకుండా రాసిన కథ. కథాస్థలం శాన్‌ఫ్రాన్సిస్కో. నగరంలో పెద్ద వంతెనను యెవరో బాంబులతో పేల్చేస్తారు. ఆ వేళకు బడి యెగ్గొట్టి వీధిలో తిరుగుతున్న మార్కస్ అనే 17 యేళ్ల కుర్రవాణ్ణీ, అతని ముగ్గురు స్నేహితులనూ దేశభద్రతా శాఖ పట్టుకుపోతుంది. కొన్నాళ్లకు ముగ్గురు తిరిగివస్తారు. నాలుగోవాడు, డారిల్, రాడు. బయటపడ్డ మార్కస్‌కు తన వూరు వూరులా కనిపించదు. బడిలోనూ వీధిలోనూ కెమెరాలు, ప్రయాణపు కార్డులో జాడతీసే బిళ్ల. దాని మీద పిల్లలు చేసిన తిరుగుబాటే కథ.

పేరు చూడగానే విమర్శకులకు ఆర్వెల్ గుర్తుకొస్తాడు. 1949 నాటి ‘1984’లో పెద్దన్న చూస్తూవుంటాడు, యిక్కడ తమ్ముళ్లు తిరిగి చూస్తారు. కథానాయకుడు మొదట పెట్టుకున్న మారుపేరు కూడా ఆర్వెల్ నాయకుడిదే. ఈ వంశవృక్షం తప్పు కాదుగాని, సగమే. తక్కిన సగం యింగ్లండు పుస్తకాల్లో లేదు. అదే శాన్‌ఫ్రాన్సిస్కో నగర సభాభవనం మెట్లమీద వుంది.

1960 మే నెలలో అమెరికా ప్రతినిధుల సభకు చెందిన ‘అమెరికా వ్యతిరేక కార్యకలాపాల సంఘం’ ఆ భవనంలో విచారణ పెట్టింది. యెవరు కమ్యూనిస్టులో తేల్చడం దాని పని. సమను అందుకున్నవారిలో బర్కిలీలో చదివే 18 యేళ్ల విద్యార్థి కూడా వున్నాడు. విచారణ బహిరంగమన్నారుగాని, తమ అనుకూలురకు ముందుగానే తెల్లకార్డులు పంచి, వారిని లోపలికి పంపి, వరసలో నిలబడ్డ విద్యార్థులను బయట ఆపేశారు. విద్యార్థులు లోపలి మెట్లమీద కూర్చుని పాటలు పాడారు. మే 13న పోలీసులు నిప్పార్పే గొట్టాలు తిప్పి, ఆ నీటిపోటుతో వాళ్లను పాలరాతి మెట్లమీదనుంచి కిందికి కొట్టించారు. అరవైమందికి పైగా అరెస్టయ్యారు. మరునాడు వేలమంది ఆ భవనం ముందు నిలబడ్డారు.

మన విషయానికి పనికివచ్చేది ఆ తరవాత జరిగింది. టెలివిజన్ కంపెనీల వాళ్లు తీసిన ఫిలింను సంఘంవారు సమనుతో తెప్పించుకున్నారు. ముక్కలు ముందువెనకలు చేసి అతికి, పైన వ్యాఖ్యానం చేర్చి, ‘ఆపరేషన్ అబాలిషన్’ అనే చిత్రం తయారుచేశారు. విద్యార్థులు కమ్యూనిస్టుల చేతిలో కీలుబొమ్మలని ఆ చిత్రం చెప్పింది. ఎఫ్.బి.ఐ. అధిపతి హూవర్ అదే అర్థంలో ఒక నివేదిక రాశాడు. దేశమంతటా బడుల్లో, చర్చిల్లో, సైనికశిబిరాల్లో ఆ చిత్రం ఆడింది. అంటే కెమెరా సాక్షిగా మొదలై ఫిర్యాదిగా మారింది. రికార్డు చేసినవాడు కాదు, రికార్డును దగ్గర పెట్టుకున్నవాడు కథ చెబుతాడు!

అయితే కథ అక్కడ ఆగలేదు. ఉత్తర కాలిఫోర్నియా పౌరహక్కుల సంఘంవారు అదే ఫిలిం తీసుకుని, యే ముక్క యెక్కడినుంచి యెక్కడికి జరిపారో వివరిస్తూ ‘ఆపరేషన్ కరెక్షన్’ అనే చిత్రం 1961లో విడుదల చేశారు. పోలీసును కొట్టాడన్న నేరంమీద బోనెక్కిన ఒకే ఒక విద్యార్థి నిర్దోషిగా బయటికి వచ్చాడు. భయపెట్టడానికి తీసిన బొమ్మ చూసి, యీ మెట్లమీది పిల్లలతో కలవాలని బర్కిలీలో చేరినవాళ్లున్నారు. 1964 డిసెంబరులో వాక్స్వాతంత్ర్య వుద్యమంలో ఆ విశ్వవిద్యాలయంలోనే సుమారు 800 మంది అరెస్టయ్యారు. ఎఫ్.బి.ఐ. విద్యార్థుల మీదా అధ్యాపకుల మీదా ఫైళ్లు పెంచింది. 1971 మార్చిలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని మీడియా అనే వూళ్లో దాని చిన్న కార్యాలయంలో కొందరు చొరబడి కాగితాలు పత్రికలకు పంపేవరకు, ఆ గూఢచర్యం యెంత లోతో జనానికి తెలియలేదు.

డాక్టరోకు ఈ చరిత్ర తెలుసు. నవలలో అరవయ్యోదశకం గురించి, హక్కుల పత్రం గురించి పిల్లలచేత వాదింపజేసే వుపాధ్యాయురాలిని తరగతినుంచి తప్పిస్తారు. పాఠం చెప్పుకు బతికే మనలాంటివారికి బాంబులకన్నా ఆ ఘట్టమే గుచ్చుకుంటుంది.

బడిలో నడకను గుర్తుపట్టే కెమెరాలుంటాయి; మార్కస్ బూట్లలో గులకరాళ్లు వేసుకుని తన నడక మార్చుకుంటాడు. ఇది పిల్లల కథల్లోని తమాషా అనుకునేవారు 2010 నాటి లోయర్ మెరియన్ వ్యవహారం చూడాలి. పెన్సిల్వేనియాలోని ఆ బడులవారు విద్యార్థులకిచ్చిన ల్యాప్‌టాప్‌లలోని కెమెరాలు వాళ్ల యిళ్లలో వేలకొద్దీ బొమ్మలు తీశాయని తేలింది. నవలలోని లెక్క కూడా తమాషా కాదు. కోటిమంది వున్న నగరంలో పదిమంది నేరస్థులున్నారనుకోండి. వందకు తొంభైతొమ్మిది సార్లు సరిగా చెప్పే యంత్రం పెడితే, అది వేలెత్తి చూపే నిర్దోషులు లక్షమంది. పదిమందికోసం లక్షమందిని నిలబెట్టే యంత్రాన్ని భద్రత అనడం గణితానికే అవమానం.

ఇంత తెలిసిన రచయిత మందు మాత్రం సగమే చెప్పాడు. మార్కస్ ఆయుధాలు రహస్యలిపి, ఆటయంత్రాలమీద నడిచే దొంగ నెట్‌వర్కు, చేతివేగం. అతని బడికి సీజర్ చావెజ్ పేరుంది. 1965లో డెలనో ద్రాక్షతోటల్లో ఫిలిప్పినో కూలీలు మొదలుపెట్టిన సమ్మెలో తన సంఘాన్ని కలిపి, అయిదేళ్లు నిలబెట్టిన నాయకుడు చావెజ్. గుమ్మంమీద ఆ పేరున్న బడిలో చదివే కుర్రాళ్లకు సంఘం అనే మాట తట్టదు! చివరికి మార్కస్‌ను రక్షించేది కూడా ప్రజలు కారు, రాష్ట్ర పోలీసులు. ఒక ప్రభుత్వ శాఖ చెర నుంచి మరో ప్రభుత్వ శాఖ విడిపించడం వుత్కంఠకథకు చాలునేమోగాని చరిత్రకు చాలదు.

నవలలో అతి నిజమైన మాట నాయకుడు అనడు. అతని స్నేహితుడు జోలూ అంటాడు. ప్రమాదం ముదిరినప్పుడు అతను తప్పుకుంటాడు: నువ్వు తెల్లవాడివి, పట్టుబడితే నీకు పడే శిక్ష వేరు, గోధుమరంగు చర్మంవాణ్ణి నాకు పడే శిక్ష వేరు అని దాని సారాంశం. కెమెరా అందర్నీ సమానంగా చూస్తుంది. దాని వెనక కూర్చున్నవాడు చూడడు. డాక్టరో ఈ తలుపు తెరిచి లోపలికి అడుగుపెట్టకుండానే వెళ్లిపోయాడు. ఆ తలుపు వెనక యేముందో మనకు పరాయిది కాదు. 2021 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, హైదరాబాదులో పోలీసులు ఒక సామాజిక కార్యకర్తను ఆపి, మాస్కు తీయమని అడిగి, ఫోటో తీశారు. ముఖాన్ని గుర్తించే యంత్రాలను యే చట్టం ప్రకారం వాడుతున్నారో చెప్పమని ఆయన హైకోర్టుకు వెళ్లాడు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు యిచ్చింది.

ఇక కథ జరిగిన శాన్‌ఫ్రాన్సిస్కో సంగతి. 2019 మేలో అక్కడి నగరపాలక మండలి పోలీసులతో సహా నగరశాఖలేవీ ముఖం గుర్తించే యంత్రాలు వాడరాదని శాసించింది. అమెరికా పెద్ద నగరాల్లో అదే మొదటిది. వోటు పడింది 1960లో విద్యార్థులమీద నీళ్లు కొట్టిన ఆ భవనంలోనే. అయిదేళ్లు గడవకుండా, 2024 మార్చిలో, పోలీసులకు కొత్త కెమెరాలూ డ్రోన్లూ వాడే వెసులుబాటు పెంచే ప్రతిపాదనను అదే నగరపు వోటర్లు నెగ్గించారు.